ఊపిరి గీతలు

మా నాన్న మైకులో చదివే కాగితాల మీద గీతలు పెట్టేది నేనే. చిన్న ఊపిరి తీసుకోవలసిన చోట ఒక నిలువు గీత, గుండె నిండా తీసుకోవలసిన చోట రెండు. రాసేది కూడా నేనే. పరుపుల కొట్టు, చెప్పుల కొట్టు, కళ్ళజోళ్ళ కొట్టు, ఎవరు వచ్చినా తమకు కావలసింది గబగబా చెప్పి వెళ్ళిపోతారు. దాన్ని నేను మాటల్లో పెడతాను. నాన్న వ్యాను ముందు సీట్లో కూర్చుని చదువుతాడు. బాబాయి తోలుతాడు. నెత్తిన రెండు హారన్లు పెట్టుకుని ఆ వ్యాను చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరుగుతుంది.

క్లాసులో నేను నోరు విప్పను. హాజరు పిలిచినప్పుడు కూడా చెయ్యి ఎత్తుతాను తప్ప పలకను. కానీ నేను రాసిన మాటలు ప్రతిరోజూ ఎవరెవరి వంటిళ్ళలోకో వెళ్తాయి. అది నాకు బాగానే ఉండేది. మాటలు నావి, గొంతు నాన్నది. ఎవరూ నా వైపు చూడరు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. కొత్త కాగితాన్ని నాన్న ముందుగా కళ్ళతో చదువుకోడు. అలా చదివితే మాట చప్పబడిపోతుందంటాడు. పొద్దున్నే వరండాలో కుర్చీ వేసుకుని, మైకు లేకుండా, నేరుగా పైకి చదువుతాడు. నేను ఎదురుగా పీట మీద కూర్చుని, ఆయన ఊపిరి ఎక్కడ తీసుకుంటే అక్కడ రెండో కాగితం మీద గీత పెడతాను. ఆ గీతల కాగితమే వ్యానులోకి వెళ్తుంది. ఇక రోజంతా ఆ గీతల దగ్గర తప్ప నాన్న ఎక్కడా ఆగడు. గతుకుల రోడ్డు మీద వ్యాను ఎగిరిపడినా ఆగడు. అదొక పంతం ఆయనకు.

ఈ ఏడాది గీతలు ఎక్కువయ్యాయి. మొదట వాక్యానికి ఒకటి పెరిగింది. తర్వాత ఇంకొకటి. ఒక పొద్దున ‘కళ్ళజోళ్ళు’ అనే మాట మధ్యలో నాన్న ఆగిపోతే, గీత ఎక్కడ పెట్టాలో తెలియక పెన్సిలు గాల్లో పట్టుకుని కూర్చున్నాను.

డాక్టరు గొంతులో గొట్టం పెట్టి చూశాడు. గడ్డ ఉందన్నాడు. గొంతులోని స్వరపేటిక మొత్తం తీసేయాలన్నాడు. మెడకు చిన్న రంధ్రం చేస్తారు, ఊపిరి అందులోంచి వస్తుంది, ప్రాణం దక్కుతుంది, మాట మాత్రం ఉండదు. నెలాఖరు లోపల చేయించకపోతే తర్వాత చేయడానికి ఏమీ మిగలదన్నాడు. ఆయన ఈ మాటలన్నీ నెమ్మదిగా, బల్ల మీదున్న పేపర్ వెయిట్‌ను అటూ ఇటూ జరుపుతూ చెప్పాడు.

బయటికి వచ్చాక నాన్న నవ్వాడు.

“నెలాఖరు లోపలట! విన్నావుగా? స్టాకు ఉన్నంత వరకే అనలేదు, అదొక్కటే తక్కువ.”

“నవ్వుతావేంటి అన్నయ్యా,” అన్నాడు బాబాయి.

“ఏడవమంటావా? ఒరేయ్, ఈ రోజే ఆఖరు అని మనం ఎన్ని రోజులు అరిచాం? ఆ మర్నాడు పరుపుల కొట్టు మూసేశారా? డాక్టరుదీ మన లైనే. ఆయనకి మైకు లేదు, అంతే తేడా.”

నాన్న మొండివాడు కాదు. అమ్మ ఉప్పు తగ్గించమంటే తగ్గించాడు, బాబాయి సిగరెట్లు మానమంటే ఎప్పుడో మానేశాడు. కానీ గడువు అనే మాట ఆయన మీద పనిచేయదు. ఆ మాట వినగానే దాని వెనక కూర్చుని అమ్ముకునేవాడు కనిపిస్తాడు. ఎన్నో ఏళ్ళుగా ఆ కూర్చున్నవాడు తనే కదా.

పన్ను పీకే ముందు ఇంజెక్షన్ చేస్తే చెంప ఎలా ఉంటుందో, ఆ రోజు నుంచి నేను మొత్తం అలా ఉన్నాను. వేలు పెట్టి నొక్కితే వేలు తెలుస్తుంది, చెంప తెలియదు. బడికి వెళ్ళాను. తిన్నాను. చెప్పుల కొట్టు వాళ్ళకు వానాకాలం చెప్పుల గురించి చక్కగా రాసిచ్చాను.

బడిలో ఆ నెలే మా టీచరు ఒప్పించడం అనే పాఠం మొదలుపెట్టారు. ఆవిడకు మేం పెట్టుకున్న పేరు ‘ఎందుకు టీచరు’. వాన పడుతోంది టీచర్ అన్నా ఎందుకు అని అడుగుతారు.

“ఒకరి మనసు మార్చాలంటే మూడు తలుపులు,” అన్నారు బోర్డు మీద మూడు గళ్ళు గీసి. “చెప్పేవాడి మీద నమ్మకం ఒకటి. వినేవాడి గుండె ఒకటి. చెప్పే మాటలో ఉన్న కారణం ఒకటి. మూడూ మూసి ఉంటే ఏం చేస్తారు?”

మా క్లాసు వాగుడుకాయ లేచింది. అది నిద్రలో కూడా మాట్లాడుతుందని వాళ్ళ అక్కే చెప్పింది. “కిటికీలోంచి దూకుతాం టీచర్.”

“ఎందుకు?”

“తలుపులు మూసేశారు కదా టీచర్!”

“కిటికీలోంచి దూకితే దొంగ అంటారే పిల్లా. కాసేపు బయటే నిలబడాలి. లోపలివాళ్ళు ఎందుకు మూసుకున్నారో తెలుసుకోవాలి.”

తర్వాత ఒక్కొక్క పద్ధతీ చెప్పారు. ఒకే మాటను మూడుసార్లు మూడు రకాలుగా చెప్పడం. చిన్న చిన్న ప్రశ్నలు వేసి రెండు మూడు సార్లు అవును అనిపించి, ఆ ఊపులో పెద్ద ప్రశ్న వేయడం. ఎదుటివాడి వాదనను వాడికన్నా బాగా చెప్పి చూపించడం. ఆఖరున గడువు పెట్టడం గురించి చెప్పారు. “ఇది బలమైనదే. కానీ దొంగ గడువు ఒకసారి బయటపడితే, తర్వాత నిజం గడువు పెట్టినా ఎవరూ లెక్కచేయరు.”

వెంటనే వాగుడుకాయ నోటికి చెయ్యి అడ్డం పెట్టి మా నాన్న గొంతు తీసింది. “ఈ రోజే ఆఖరు! ఈ ఒక్క రోజే! ఆలస్యం చేస్తే మీదే నష్టం!”

అందరూ నవ్వి నా వైపు తిరిగారు. బాగానే చేసింది. ‘నష్టం’ దగ్గర నాన్న గొంతు దించే తీరు కూడా పట్టింది. నేను రాసిన మాటలే అవి. నేను బల్ల మీద ఎవరో చెక్కిన పువ్వును చూస్తూ కూర్చున్నాను.

టీచరు మాకు ఇంటిపని ఇచ్చారు. ఇంట్లో ఒకరి అభిప్రాయం మార్చాలి. ఎలా మార్చామో క్లాసు ముందుకు వచ్చి చెప్పాలి.

మా ఇంట్లో ఆ పని అప్పటికే నడుస్తోంది. అమ్మ ఏడ్చి చూసింది. నాన్న తువ్వాలు అందించి, “ముక్కు తుడుచుకో, అన్నం మాడుతోంది,” అన్నాడు. బాబాయి తనకు తెలిసిన ఒక లారీ డ్రైవరు కథ చెప్పాడు. ఆయనా ఇలాగే వాయిదా వేశాడట, చివరికి నీళ్ళు కూడా మింగలేకపోయాడట.

“బాగుందిరా,” అన్నాడు నాన్న. “పురుగుమందు ప్రకటనలో పనికొస్తుంది. భయపెట్టి, మందు చూపించాలి. నువ్వు మందు చూపించడం మర్చిపోయావు.”

“నీతో మాట్లాడటం కన్నా గోడతో మాట్లాడటం నయం.”

“గోడకి మైకు పట్టుకోవడం రాదుగా.”

అమ్మ వంటింట్లో నన్ను పక్కకు లాగింది. “నువ్వు చెప్పవే. నీ మాటయితే వింటారు. రోజూ నీ మాటలేగా చదివేది.”

“నేనేం చెప్పనమ్మా?”

“రాయడం వస్తుంది కదే నీకు, చెప్పడం రాదూ?”

సాయంత్రం నాన్న వ్యాను పైకెక్కి హారన్లలో దుమ్ము తుడుస్తున్నాడు. నేను కింద నిలబడి తడిగుడ్డ అందిస్తున్నాను. ప్రశ్నలు ముందే అనుకుని వచ్చాను.

“నాన్నా, నీకు వ్యానులో తిరగడం ఇష్టమే కదా?”

“ఇష్టమే.”

“ఇంకా చాలా ఏళ్ళు తిరగాలని ఉంది కదా?”

“ఉంది.” గుడ్డ పిండుతూ కిందికి చూశాడు. “ఇప్పుడు మూడో అవును కోసం వస్తున్నావు.”

నేను బకెట్లోంచి ఇంకో తడిగుడ్డ తీశాను.

“సబ్బుల కంపెనీ వాళ్ళు నేర్పారు నాకు ఇది. మీ బట్టలు తెల్లగా ఉండాలని ఉందా? ఉంది. మీ చేతులు మెత్తగా ఉండాలని ఉందా? ఉంది. అయితే కొనండి. మీ టీచరు చెప్పిందా?”

“ఊఁ.”

“మంచి టీచరే. అమ్మడూ, ఆ పొడి గుడ్డ ఇలా పడెయ్.”

పడేశాను. పట్టుకున్నాడు. పట్టుకున్నాక దగ్గాడు. హారన్ మీద చెయ్యి ఆనించి వంగి చాలాసేపు దగ్గాడు. ఆ దగ్గు హారన్ లోపలికి వెళ్ళి డబ్బాలో రాళ్ళు కదిపినట్టు వినిపించింది. తడిగుడ్డలోంచి నీళ్ళు నా చెప్పుల మీద పడుతుంటే వాటినే చూశాను.

మర్నాడు బడి అయ్యాక టీచరు నన్ను ఉండమన్నారు. బోర్డు తుడుస్తూ, నా వైపు చూడకుండానే అడిగారు. అలా అడగడం వల్లే జవాబు చెప్పగలిగాననుకుంటాను.

“నీ ఇంటిపని ఎవరి మీద?”

“మా నాన్న మీద.”

“దేనికి ఒప్పించాలి?”

ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆవిడ మొదటిసారి ‘ఎందుకు?’ అని అడగలేదు. కాసేపు బోర్డే తుడిచారు.

“సరే, అది చెప్పకు. ఎన్ని తలుపులు తట్టావు?”

“అన్నీ ఆయనకు తెలుసు టీచర్. ఏం చెప్పినా, ఇది ఫలానా కొట్టువాళ్ళ మాట అంటారు.”

“మాటలు అమ్మేవాడికి మాటలు అమ్మలేం.” డస్టరు కిటికీ అంచుకు కొట్టి దులిపారు. “అలాంటివాళ్ళతో వాదించకు. వాదిస్తున్నంతసేపూ వాళ్ళకు అది ఆట. వాళ్ళు దేన్ని నమ్ముతారో దాన్ని తెచ్చి ముందు పెట్టి, నువ్వు పక్కకు తప్పుకో. వాళ్ళకు వాళ్ళే చెప్పుకుంటారు. మీ నాన్న దేన్ని నమ్ముతారు?”

దారి పొడుగునా అదే ఆలోచించాను. నాన్న డాక్టర్ని నమ్మడు. బాబాయి కథల్ని నమ్మడు. కొట్లవాళ్ళ మాటలు ఆయనే చదువుతాడు కాబట్టి అసలు నమ్మడు. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుంటే వరండాలో నా పీట కనిపించింది. నాన్న నమ్మేది నా గీతల్ని. గీత దగ్గర ఊపిరి దొరుకుతుందని, గీత దాకా ఊపిరి నిలుస్తుందని నమ్ముతాడు.

మేం పాత కాగితాలు పారేయం. కొట్లవాళ్ళు ఏటేటా అవే మాటలు అడుగుతారు. వాటిని రేకు పెట్టెలో పెడతాను. పరుపుల కొట్టు వాళ్ళ తగ్గింపు అమ్మకం కాగితం అడుగున దొరికింది. పోయిన ఏడాదిది. ఈ ఏడాది కూడా అవే పరుపులు, అవే మాటలు కావాలని వాళ్ళ గుమాస్తా అంతకుముందే చెప్పి వెళ్ళాడు. దాన్ని బయటికి తీసి చూశాను. కాగితమంతా ఖాళీగా, పెద్ద పెరడులా ఉంది. అక్కడొకటి, ఇక్కడొకటి గీతలు.

కొత్తగా రాయలేదు. పొద్దున నాన్న కుర్చీలో కూర్చోగానే అదే చేతికిచ్చాను.

“ఈసారి గీతలతోనే ఇచ్చావేంటి? చదవకముందే పెట్టేశావా?”

“పాత మాటలే కదా నాన్నా. గీతల ప్రకారం చదువు.”

ఆయన గొంతు సవరించుకున్నాడు. అమ్మ గిన్నెలు తోముతూ వంటింట్లో ఉంది. బాబాయి వ్యాను టైరులో గాలి చూస్తున్నాడు.

“రండమ్మా రండి, చూసి పొండి, కూర్చుని చూడండి, పడుకుని చూడండి, నడుము నొప్పి మీది, పరుపు మాది...”

మొదటి గీత ఆ వాక్యం చివర ఉంది. నాన్న ‘పడుకుని’ దగ్గరే ఎర్రబడ్డాడు. అయినా ఆగలేదు. గీత రాలేదు కాబట్టి ఆగలేదు. ‘నడుము నొప్పి’ దగ్గర గొంతు సన్నగా గాలిలా మారింది. ‘పరుపు’ అన్నాడో లేదో నాకు తెలియదు. పెదవులు మాత్రం కదిలాయి. మెడ మీద నరం పైకి లేచింది. అప్పుడు ఆగాడు. గీత ఇంకా ఒక మాట దూరంలో ఉంది.

ఊపిరి పీల్చుకున్నాడు. ఈల వేసినట్టు శబ్దం వచ్చింది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఈసారి ‘కూర్చుని’ దగ్గరే అయిపోయింది.

నేను పీట మీద చేతులు మడుచుకుని కూర్చున్నాను. పెన్సిలు తెచ్చుకోలేదు.

మూడోసారి మొదలుపెట్టలేదు. కాగితాన్ని దూరంగా పట్టి చూశాడు, దగ్గరగా పట్టి చూశాడు.

“ఇది ఎప్పటిది?”

“పోయిన ఏడాదిది.”

“ఈ గీతలు నువ్వు ఊహించి పెట్టావా?”

“నువ్వు చదువుతుంటే పెట్టాను.”

బొటనవేలితో మొదటి గీతను రుద్దాడు. పెన్సిలు గీత కదా, కొంచెం మసకబారింది. ఆయన ఏమైనా అంటాడని, తిడతాడని, ఇది ఏ కొట్టువాళ్ళ పద్ధతో చెబుతాడని ఎదురుచూశాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె చేతుల నుంచి సబ్బు నురగ కిందికి కారుతోంది.

“సంచి సర్దు,” అన్నాడు నాన్న ఆమెతో.

“ఏ సంచండీ?”

“ఆసుపత్రికి తీసుకెళ్ళే సంచి.”

అమ్మ నా వైపు చూసింది. నేను లేచి వెళ్ళి మిగిలిన గిన్నెలు తోమాను. నీళ్ళు చల్లగా ఉన్నాయని తెలిసింది. సంతోషం రావాలి కదా అనుకున్నాను. ఒక గ్లాసును రెండుసార్లు తోమాను.

ఆసుపత్రిలో చేరే ముందు బాబాయి ఫోను తీశాడు. “అన్నయ్యా, నీ గొంతు కొంచెం రికార్డు చేసి పెట్టుకుందాం. తర్వాత వాడుకోవచ్చు.”

“ఈ గొంతునా?” నాన్న చెయ్యి ఊపేశాడు. “పాడైన సరుకు నేను అమ్మనురా.”

“అమ్మడానికి కాదు.”

“మరి?”

బాబాయి ఫోను జేబులో పెట్టుకున్నాడు. నాన్న ఆపరేషను గదిలోకి వెళ్ళేటప్పుడు ఆఖరున నాతో అన్న మాట, “వ్యాను మీద గుడ్డ కప్పమని బాబాయికి చెప్పు, పిట్టలు రెట్టలేస్తాయి,” అని. నేను చెప్పాను. బాబాయి కప్పాడు.

క్లాసులో ఇంటిపని చెప్పే రోజు వచ్చింది. వాగుడుకాయ వాళ్ళ అమ్మను ఫోను కొనడానికి ఒప్పించిందట. అన్ని పద్ధతులూ వాడానని వేళ్ళు మడిచి మరీ చెప్పింది. ఇంకొక అమ్మాయి వాళ్ళ తాతయ్య చేత చెవి మిషను పెట్టించింది. “ఇప్పుడు ఆయన మా మాటలన్నీ విని తిడుతున్నారు టీచర్,” అంది. అందరూ నవ్వారు.

నా వంతు వచ్చింది. ముందుకు వెళ్ళాను. మామూలుగా అయితే ఆ నాలుగు అడుగులకే నా చెవులు వేడెక్కుతాయి. ఆ రోజు వేడెక్కలేదు. గోడకు చెప్పినట్టు చెప్పాను.

“మా నాన్న చేత పాత కాగితం ఒకటి చదివించాను. ఆయనకు ఊపిరి చాలలేదు. ఆసుపత్రికి వెళ్ళడానికి ఒప్పుకున్నారు.”

టీచరు ‘ఎందుకు?’ అంటారని అందరూ ఆవిడ వైపు చూశారు. ఆవిడ సుద్దముక్కను వేళ్ళ మధ్య తిప్పుతూ నన్నే చూస్తున్నారు. “మాట్లాడుతున్నారా ఇప్పుడు?” అని అడిగారు.

“లేదు టీచర్. ఇక మాట్లాడరు.”

వెళ్ళి కూర్చున్నాను. వాగుడుకాయ నా పక్కకు జరిగింది. గంట కొట్టేదాకా ఏమీ మాట్లాడలేదు. దానికి అదెంత కష్టమో నాకు తెలుసు.

నాన్న ఇంటికి వచ్చాడు. మెడకు తెల్లటి పలచని గుడ్డ కట్టుకుంటాడు. ఊపిరి తీసినప్పుడు ఆ గుడ్డ లోపలికి అతుక్కుని మళ్ళీ పైకి లేస్తుంది. కావలసినదాన్ని వేలితో చూపిస్తాడు. కోపమొస్తే చిటికెలు వేస్తాడు. గడ్డ మొత్తం వచ్చేసిందని, సరైన సమయానికే వచ్చారని డాక్టరు అన్నప్పుడు, నాన్న ఆయన వైపు చేత్తో మైకు పట్టుకున్నట్టు పట్టి చూపించాడు. డాక్టరుకు అర్థం కాలేదు. బాబాయికీ నాకూ అర్థమైంది. బాబాయి నవ్వి, గోడ వైపు తిరిగాడు.

పరుపుల కొట్టు గుమాస్తా వచ్చాడు. వాళ్ళ అమ్మకం మొదలైపోయింది. “ఎవరిదో ఒకరి గొంతు పెట్టించండి,” అన్నాడు. బాబాయి ప్రయత్నించాడు. ఆయన చదివితే పరుపులు పోయాయని ఫిర్యాదు చేస్తున్నట్టు ఉందని అమ్మ అంది. నాన్న చిటికె వేశాడు. వేలు నా వైపు చూపించాడు.

“నాకు రాదు నాన్నా.”

మళ్ళీ చిటికె.

వ్యాను ఎక్కక్కర్లేదని, ఇంట్లోనే ఫోనులో రికార్డు చేస్తే చాలని బాబాయి అన్నాడు. గదిలో కిటికీకి దుప్పటి కట్టాడు, రోడ్డు చప్పుడు రాకుండా. నాన్న కుర్చీ తెచ్చుకుని కూర్చోలేదు. నా పీట మీద కూర్చున్నాడు. కుర్చీ నాకు చూపించాడు. ఆయన ఒళ్ళో రెండో కాగితం ఉంది. చేతిలో పెన్సిలు ఉంది.

నేను కళ్ళతో చదవకుండా నేరుగా పైకి చదివాను. “రండమ్మా రండి, చూసి పొండి...” నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. అక్కడే ఊపిరి అయిపోయింది. నాన్న గీత పెట్టాడు. “కూర్చుని చూడండి...” మళ్ళీ గీత. “పడుకుని చూడండి...” మళ్ళీ గీత. మెడ దగ్గర ఆయన గుడ్డ లోపలికీ బయటికీ కదులుతోంది. నేను ఆగిన ప్రతిచోటా అదీ ఒక్క క్షణం ఆగినట్టు అనిపించింది.

చివరిదాకా వచ్చాను. “ఈ రోజే ఆఖరు. ఈ ఒక్క రోజే. ఆలస్యం చేస్తే మీదే నష్టం.” అక్కడ గొంతు దించాలి. దించలేకపోయాను. చప్పగా పడిపోయింది.

బాబాయి ఫోను ఆపబోతే నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు. కాగితం నా ముందుకు తెచ్చి చూపించాడు. గీతలతో నిండిపోయి ఉంది, ఆపరేషనుకు ముందు నెలల్లో ఆయన చదివిన కాగితాల్లాగే. రబ్బరు కావాలని వేలితో చూపించి తీసుకున్నాడు. మొదటి వాక్యంలో మొదటి గీతను చెరిపేశాడు. ఊది, పొట్టు దులిపి, దాన్ని ఒక్క మాట అవతలికి జరిపి మళ్ళీ గీశాడు.

పెన్సిలు మొనను ఆ గీత మీదే ఉంచి నా వైపు చూశాడు.

నేను ఊపిరి తీసుకున్నాను.